రెండు ఆర్ఎక్స్‌లు, ఒకే జబ్బు

ఆదివారం, జనవరి

పొద్దున ఆరున్నరకు బండి బయటికి తీశాను. అనంతపురంలో చలి అనేది ఉంటే ఈ నెలా నెలన్నరే. పెట్రోల్ కాక్ తిప్పి చోక్ లేపితే రెండో కిక్కుకే స్టార్ట్ అయింది. చల్లగా ఉన్నంతసేపు దీనంత బుద్ధిమంతురాలు లేదు. సందు చివరి దాకా చక్కగా వచ్చింది. మెయిన్ రోడ్డెక్కి సప్తగిరి సర్కిల్ దాటేసరికి ఇంజన్ వేడెక్కింది, ఇక మొదలు. థ్రాటిల్ పావు వంతు తిప్పి పట్టుకుంటే గుక్కపెట్టి ఏడ్చే పిల్లాడిలా ఆగి ఆగి కొడుతుంది. ఇంకాస్త తిప్పితే ఒక్కసారిగా తేరుకుని ముందుకు దూకుతుంది. అంటే హైవే మీద రాజా, ఊళ్లో మాత్రం దండగ. నేను హైవే ఎక్కేది ఏడాదికి రెండుసార్లు. ఆఫీసు ఇంటికి మూడు కిలోమీటర్లు.

బండి యమహా ఆర్ఎక్స్ 100, 1994 మోడల్. ఈ బండ్లు మన దేశంలో 1985లో వచ్చి 1996లో ఆగిపోయాయి. 98 సీసీ, 11 హార్స్ పవర్. ఆ బరువుకు అది చాలు, ఎక్కువ కూడా. కానీ దసరా సెలవుల్లో నాకు పురుగు తొలిచింది. గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు అందించేది కార్బొరేటర్. కంపెనీ ఇచ్చినదాని గొంతు 20 మిల్లీమీటర్లు. దాన్ని తీసేసి 24 మిల్లీమీటర్ల మికుని కార్బొరేటర్ బిగించాను. నాలుగు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. రంధ్రం వైశాల్యం లెక్కేస్తే 44 శాతం పెరిగినట్టు. ఆ లెక్క నేను బిగించిన తర్వాత వేశాను.

ఈ పిచ్చికి సగం కారణం మా చిన్నాన్న కొడుకు. వాడు ఆక్లాండ్‌లో ఉంటాడు. వాడి దగ్గరా ఒక ఆర్ఎక్స్ ఉంది, కాకపోతే అది మాజ్డా ఆర్ఎక్స్-7 కారు, పాత మోడల్. రోటరీ ఇంజన్. అందులో పిస్టన్ లేదు, వాల్వులు లేవు. మా పిన్నికి ఇది అర్థమయ్యేలా చెప్పడానికి వాడు చాలా తంటాలు పడ్డాడు. చివరికి నేనే ఒక రెండు గింజల శెనక్కాయ తీసుకుని నిలువునా చీల్చి చూపించాను. నడుము దగ్గర కాస్త నొక్కినట్టుండే ఆ డిప్పే వాడి ఇంజన్ గది. లోపల గింజల బదులు పొట్ట ఉబ్బిన సమోసాలాంటి రోటర్ ఒకటి, మూడు మూలలూ గోడకు ఆనించుకుంటూ తిరుగుతుంది. అది ఒక చుట్టు తిరిగేలోపు మధ్యలోని షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. అలాంటి గదులు వాడి కారుకు రెండు, ఒక్కోటి 573 సీసీ. "మరి శెనక్కాయ నూనె పోస్తారా?" అనింది పిన్ని. నవ్వాం గానీ, ఆ ప్రశ్న అంత తప్పేమీ కాదు. రోటర్ మూలల్లో ఉండే సీళ్లు అరిగిపోకుండా నూనె పడాల్సిందే. కంపెనీవాళ్లు అందుకు ఒక చిన్న పంపు పెట్టి, నూనెను పైపుల ద్వారా కార్బొరేటర్‌లోకి వదిలారు. వాడు కంపెనీ కార్బొరేటర్ పీకేసి వెబర్ 48 ఐడీఏ అనే పెద్ద కార్బొరేటర్ పెట్టాడు కదా, ఆ పైపులకు చోటు లేకుండా పోయింది. ఇప్పుడు టూటీ ఆయిల్, అంటే టూ స్ట్రోక్ బండ్ల నూనె, కొలిచి పెట్రోల్ ట్యాంకులో కలుపుకుంటాడు, అచ్చం పాత స్కూటర్ వాళ్లలాగా. ఆ విషయంలో వాడి కారు కన్నా నా బండే నయం. దానికి ఆయిల్ పంపు ఉంది.

వాడి కార్బొరేటర్ గొంతు కూడా పెద్దదే. 48 మిల్లీమీటర్లవి రెండు, రోటర్‌కు ఒకటి. వాడి కారు కూడా చిన్న థ్రాటిల్‌లోనే మిస్సింగ్ కొడుతోంది. రెండు నెలలుగా మా ఇద్దరి ఫోన్లూ ఇదే. ఇళ్లల్లో ఆడవాళ్లు విసిగిపోయారు.

నేను అనుకున్నది ఏమిటంటే, బండి లీన్ అవుతోందని, అంటే గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదని. అందుకు నా దగ్గర కారణాలు కూడా ఉన్నాయి. గొంతు పెద్దదైతే అందులో గాలి వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే జెట్‌లోంచి, అంటే పెట్రోలు వచ్చే సన్న రంధ్రంలోంచి, పెట్రోలును పీల్చే బలం తగ్గుతుంది. ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్‌తో మిశ్రమం కాస్త పలచబడుతుంది. పైగా చలికాలం, గాలి చిక్కగా ఉంటుంది. మూడూ నిజాలే. మూడు నిజాలు కలిపి నేను పక్కా అబద్ధం తయారుచేశాను.

ఎయిర్ స్క్రూ సంగతి కూడా రాయాలి. చిన్న థ్రాటిల్‌లో మిశ్రమాన్ని సరిచేసుకునే స్క్రూ అది. తమ్ముడు ఫోన్లో "స్క్రూ బయటికి తిప్పన్నా, రిచ్ అవుతుంది" అన్నాడు, అంటే పెట్రోలు పాలు పెరుగుతుందని. తిప్పాను. కొంచెం నయమనిపించింది. మూడు చుట్లు బయటికి వచ్చేసింది, ఇంకాస్త నయం. "చూశావా, పెట్రోలు చాలకే" అనుకున్నాను. మధ్య థ్రాటిల్‌లో పెట్రోలును అదుపు చేసే సూదిని కూడా, పెట్రోలు పెరగాలని, ఒక గాడి పైకి లేపాను, అంటే క్లిప్పును ఒక గాడి కిందికి మార్చాను. అప్పుడు మధ్య థ్రాటిల్ కూడా పాడైంది. ఆ పాపం ఇథనాల్ మీద వేశాను.

మా మెకానిక్ భాయ్ షాపు పాతూరులో. ఆదివారం మధ్యాహ్నం దాకా తీసి ఉంచుతాడు. నేను వెళ్లేసరికి ఇంకా తీయలేదు, ఎదురుగా తోపుడు బండి దగ్గర ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. ఆ బజ్జీ ఒకటి కొరికాక కళ్లలో నీళ్లు తిరిగి, కార్బొరేటర్ బాధ పది నిమిషాలు మరిచిపోయాను.

"ఏమప్పా, ఇంకా చెడగొట్టేదానికి ఏమన్నా మిగిలిందా?" అన్నాడు షట్టర్ ఎత్తుతూ. కాలేజీ రోజుల నుంచీ ఎరిగినవాడు, అనే హక్కుంది. నా మూడు కారణాలూ వరసగా చెప్పాను. చేతులు తుడుచుకుంటూ మొత్తం విన్నాడు.

"అన్నీ బాగనే చెప్తాండావు. చోక్ లేపి చూసినావా?"

"వేడి మీద చోక్ ఎందుకు భాయ్?"

"మిస్సింగ్ కొట్టేటప్పుడు లేపాల. చోక్ అంటే పెట్రోలు పాలు పెంచేదే కదా. పెట్రోలు చాలక ఏడుస్తాంటే చోక్ లేపితే ఊరుకుంటాది. ఎక్కువై ఏడుస్తాంటే ఇంకా ఏడుస్తాది."

స్టాండ్ మీదనే రేసింగ్ ఇచ్చి, ఆ పావు వంతు దగ్గర పట్టుకుని, రెండో చేత్తో చోక్ లేపాడు. బండి ఇంకా ఏడవడం కూడా కాదు, ఒక్కసారిగా చచ్చింది. సైలెన్సర్ లోంచి తెల్లటి పొగ ముద్దగా వచ్చింది. భాయ్ నా వైపు చూడను కూడా చూడలేదు, కార్బొరేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె, ఫ్లోట్ బౌల్, దాని స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.

లోపలి నుంచి పైలట్ జెట్ తీశాడు. అది ఎంత ఉంటుంది, బియ్యపు గింజకు అన్నయ్య అంత. దాన్ని ఆకాశానికి ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. "నీ ఫోన్ ఇట్లివ్వు" అని కెమెరా జూమ్ చేసి నాకు చూపించాడు. రంధ్రం గుండ్రంగా లేదు. ఒక పక్కకు సాగి కోడిగుడ్డులా ఉంది.

"ఇందులో తీగ దూర్చినావా?"

దూర్చాను. నవంబరులో బండి మూడు వారాలు నిలబడిపోతే జెట్ పట్టేసింది. ఇంట్లో పాత క్లచ్ కేబుల్ ఉంటే అందులోంచి ఒక పోగు తీసి, రెండుసార్లు గట్టిగా అటూ ఇటూ లాగాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను. ఇత్తడి మెత్తన, ఆ పోగు స్టీలు. తీగతో నేను చేసింది శుభ్రం కాదు, బోరింగు.

చిన్న థ్రాటిల్‌లో పెట్రోలంతా ఆ జెట్ నుంచే రావాలి. థ్రాటిల్ ఇంకా తిప్పేకొద్దీ పెట్రోలును అదుపు చేసేది మొదట స్లైడ్ (గొంతును మూసి తెరిచే ముక్క) అడుగు కోత, ఆపైన సూది, ముప్పావు వంతు దాటితే మెయిన్ జెట్. అందుకే నాకు హైవే మీద ఏ బాధా లేదు. జబ్బంతా కింది పావు వంతులో. మనం రోజూ ఊళ్లో బతికేది ఆ పావు వంతులోనే కదా, దాన్ని వదిలేసి నేను ఫుల్ థ్రాటిల్ కోసం 44 శాతం పెద్ద గొంతు కొన్నాను.

భాయ్ రేకు డబ్బాలోంచి అదే 25 నంబరు జెట్ కొత్తది తీసి బిగించాడు. సూది క్లిప్పును మళ్లీ మధ్య గాడికి తెచ్చాడు. ఎయిర్ స్క్రూను లోపలికి ఆనేదాకా మెల్లగా తిప్పి, అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు బయటికి. బండి బాగా వేడెక్కాక పావు పావు చుట్టు తిప్పుతూ చెవి దగ్గర పెట్టి విన్నాడు. ఒకచోట ఇంజన్ శబ్దం తనంతట తానే పైకి లేచింది. అక్కడ ఆపి ఐడిలింగ్ స్క్రూ తగ్గించాడు. ఒకటీ ముప్పావు చుట్టు. "రెండున్నర, మూడు చుట్లు దాటినా ఇంకా బయటికి అడుగుతాంటే జెట్ పెద్దదని. ఒక చుట్టు లోపలే అడుగుతాంటే చిన్నదని" అన్నాడు. అంటే నా స్క్రూ మూడు చుట్ల దగ్గర నిలబడి నెల రోజులుగా జవాబు చెబుతూనే ఉంది.

అప్పుడు వెలిగింది నాకు. ఈ మికునిలో ఆ స్క్రూ ఆపేది గాలిని. బయటికి తిప్పితే గాలి ఎక్కువ, లీన్. తమ్ముడి వెబర్‌లో స్క్రూ ఆపేది పెట్రోలు మిశ్రమాన్ని. బయటికి తిప్పితే రిచ్. వాడి కారుకు చెప్పాల్సిన మాట వాడు నా బండికి చెప్పాడు. నేను రిచ్ చేస్తున్నాననుకుంటూ లీన్ చేశాను, నయమైంది, పెట్రోలు చాలకే అని తీర్మానించుకున్నాను. వాణ్ని అని లాభం లేదు, స్క్రూ ఎటువైపు ఉందో చూస్తే నాకే తెలిసేది. ఇంజన్ వైపు కాకుండా ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంది.

షాపు ముందు నుంచే వాడికి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం ఆరు కావస్తోంది. కారు దగ్గరే ఉన్నాడు. వాడికి సైలెన్సర్ పైపులో ఒక సెన్సర్ ఉంది, పెట్రోలుకు గాలి ఎన్ని పాళ్లో మీటరులో అంకె చూపిస్తుంది. 14.7 అంటే రెండూ సరిగ్గా సరిపోయినట్టు, అంతకన్నా పెద్ద అంకె లీన్.

"ఐడిలింగ్‌లో 16 చూపిస్తోందన్నా. ఐడిల్ జెట్ 60 నుంచి 65, ఆ తర్వాత 70 వేశాను. ఇప్పుడు 17 చూపిస్తోంది."

"పెట్రోలు పెంచితే ఇంకా లీన్ ఎట్లవుతుందిరా? వాసన ఎలా ఉంది?"

"కళ్లు మండిపోతున్నాయి."

"మరి ముక్కును నమ్మాలా, మీటరును నమ్మాలా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాడే చెప్పాడు. ఆ సెన్సర్ చూసేది పెట్రోలును కాదు, మిగిలిన ఆక్సిజన్‌ను. మిశ్రమం మరీ చిక్కనై మంట అంటుకోకపోతే ఆ దఫా ఆక్సిజన్ అంతా అలాగే బయటికి వచ్చేస్తుంది. మీటరు దాన్ని చూసి లీన్ అంటుంది. వాడు మళ్లీ జెట్ పెంచుతాడు. వాడికి మీటరు ఉండి, నాకు లేక, ఇద్దరం ఒకే గోతిలో పడ్డాం. వాడి వెబర్‌కు చోక్ లేదు కాబట్టి భాయ్ పరీక్ష కుదరదు. స్క్రూలు లోపలికి తిప్పి చూడమన్నాను. అయితే ఒక భయం చెప్పాడు. రోటరీ నిజంగా లీన్ అయి నాకింగ్ వస్తే ఆ మూలల సీళ్లు విరుగుతాయట, ఇంజన్ మొత్తం విప్పాల్సిందే. అందుకే తెలియకుండానే చెయ్యి ఎప్పుడూ రిచ్ వైపు పోతుందట. నాకూ ఆ భయం ఉంది. టూ స్ట్రోక్ లీన్ అయితే పిస్టన్ పట్టేస్తుంది.

ఫుల్ థ్రాటిల్‌లో మిశ్రమం ఎలా ఉందో ప్లగ్ రంగు చెబుతుంది, అది చూడాలని పదకొండున్నరకు కొత్త ప్లగ్ వేసుకుని తాడిపత్రి రోడ్డు పట్టాను. బుక్కరాయసముద్రం దాటాక రోడ్డు ఖాళీగా దొరికింది. మూడో గేరులో ఫుల్ థ్రాటిల్, అలాగే పట్టి, క్లచ్ నొక్కుతూనే తాళం తిప్పేశాను. జారుకుంటూ వెళ్లి ఒక వేపచెట్టు కింద ఆగాను. ప్లగ్ వేడికి వేలు కాలింది. పింగాణీ మీద రంగు కాఫీ పొడి కన్నా ఒక పిసరు ముదురు, అంటే కాస్త రిచ్. మెయిన్ జెట్ ఇంకో నంబరు తగ్గించవచ్చు, తగ్గించలేదు. అటుగా వెళ్తున్న ఒక పెద్దాయన సైకిలాపి "పెట్రోలు అయిపోయిందా నాయనా?" అన్నాడు. లేదు, ఎక్కువైంది అని చెప్పాను. ఆయన నన్ను ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు పావు థ్రాటిల్‌లో, రెండో గేరులో, ఆటోల వెనక నెమ్మదిగా నడిపాను. మిస్సింగ్ లేదు. పాత జెట్ జేబులోనే ఉండిపోయింది, మా ఆవిడ చొక్కా ఉతకడానికి వేసేముందు తీసి టీవీ పక్కన పెట్టింది.

మధ్యాహ్నం తమ్ముడి మెసేజ్ వచ్చింది. "60 జెట్. 13.2. వాసన లేదు." కింద ఇంకో లైను: "కానీ 3000 దగ్గర ఇంకా చిన్న తడబాటు ఉందన్నా." ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగే చోటు అది, ఐడిల్ జెట్ వదిలి మెయిన్ జెట్ అందుకునేది అక్కడే. దాని సంగతి వచ్చే ఆదివారం.

నాది కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. ఇవాళ ట్యూన్ చేసింది చలిగాలిలో. వేడి గాలి పలచన, ఎండ ముదిరితే మిశ్రమం మళ్లీ చిక్కబడుతుంది. రేపు ఆఫీసుకు దీనిమీదే వెళ్తాను, మధ్యాహ్నం భోజనానికి వచ్చేటప్పుడు క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని చూడాలి.