మిడి కీబోర్డ్‌తో ఐదున్నర శ్రుతి హార్మోనియం: ఇప్పటిదాకా

కీబోర్డ్ కంట్రోలర్‌లో స్పీకరూ ఉండదు, సౌండూ ఉండదు. మెట్టు నొక్కితే అది పంపేది మూడు అంకెలే: ఏ చానెల్, ఏ మెట్టు, ఎంత గట్టిగా. మధ్య సి మెట్టు అంకె 60. గట్టితనం 1 నుంచి 127 దాకా. 1983లో మిడి ప్రమాణం, అంటే వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే పద్ధతి, వచ్చినప్పటి నుంచి మామూలు కీబోర్డుల్లో ఈ లెక్క మారలేదు. 60 వచ్చినప్పుడు పియానో మోగాలా, వీణ మోగాలా, అసలు ఏ శ్రుతిలో మోగాలి అన్నది కంప్యూటర్లో మనం పెట్టుకున్న వర్చువల్ వాయిద్యం చూసుకుంటుంది. నాకు కావాల్సింది హార్మోనియం. మా పాప సంగీతం క్లాసుకి వెళ్తోంది, ఐదున్నర శ్రుతిలో (అంటే జి షార్ప్‌ని షడ్జంగా పెట్టుకుని) పాడుతుంది. పక్కన కూర్చుని సరళీ స్వరాలు వాయించాలన్నది ప్లాను.

సామాను: 49 మెట్ల యూఎస్‌బీ కంట్రోలర్, ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్, వైరున్న హెడ్‌ఫోన్స్. సాఫ్ట్‌వేర్: రికార్డింగ్‌కి రీపర్ (60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు), వర్చువల్ వాయిద్యంగా సర్జ్ ఎక్స్‌టీ (పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్), పియానో కోసం సలమాండర్ గ్రాండ్ శాంపిళ్లు (అసలు పియానో నుంచి రికార్డు చేసిన స్వరాలు), వాటిని వాయించడానికి స్ఫోర్జాండో. ఇవీ ఉచితమే.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ మాట ముందే చెప్పేస్తాను. పాటలు వినడానికి బానే ఉంటాయి గానీ వాయించడానికి పనికిరావు. చెయ్యి పడ్డాక సౌండ్ వచ్చేసరికి మనం తర్వాతి స్వరంలో ఉంటాం. వైరే గతి.

సౌండ్ రప్పించడం

రీపర్ ప్రిఫరెన్సెస్‌లో మిడి ఇన్‌పుట్స్ దగ్గర కీబోర్డ్ పేరు కనపడాలి, అది ఎనేబుల్ అయి ఉండాలి. తర్వాత ట్రాక్ మెనూలో ‘ఇన్‌సర్ట్ వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్ ఆన్ న్యూ ట్రాక్’ కొట్టి సర్జ్‌ని ఎంచుకుంటే ట్రాక్ తయారవుతుంది. ఎర్ర ఆర్మ్ బటన్ (ట్రాక్‌ని రికార్డింగ్‌కి సిద్ధం చేసేది), మానిటర్ (వాయించేది అప్పుడే వినిపించేది) ఆన్‌లో ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

సౌండ్ రాకపోతే అన్నీ ఒకేసారి కెలక్కుండా ముందు ట్రాక్ మీటర్ చూడండి. మెట్టు నొక్కినప్పుడు మీటర్లో కదలిక ఉంటే మిడి అందుతున్నట్టే, తేడా వాయిద్యంలోనో ఆడియో డివైస్‌లోనో ఉంది. కదలిక లేకపోతే గొడవ కీబోర్డు వైపు. విండోస్‌లో మొదటి నుంచీ ఉన్న పద్ధతిలో ఒక మిడి పోర్టుని ఒక ప్రోగ్రామే పట్టుకోగలదు. పక్కన ఏ పియానో నేర్పించే యాపో తెరిచి ఉంటే రీపర్‌కి పోర్టు దొరకదు. దాన్ని మూసేసి రీపర్‌ని మళ్లీ తెరిస్తే సరిపోతుంది.

సౌండ్ వచ్చింది, వాయించడం రాలేదు

మెట్టు నొక్కాక సౌండ్ లేటుగా వస్తే ఎంత వచ్చినవాడికైనా తాళం తప్పుతుంది. విండోస్‌లో ముందే ఉండే జీఎస్ వేవ్‌టేబుల్ సింత్‌ని వాడి చూస్తే ఈ ఆలస్యం బాగా తెలుస్తుంది. ల్యాప్‌టాప్ సొంత సౌండ్ కార్డుకి ఈ ఆలస్యం తగ్గించే ఆసియో ఫర్ ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసుకుని, రీపర్‌లో ఆడియో డివైస్‌ని ఆసియోకి మార్చాను. అసలు కీలకం బఫర్ సైజులో ఉంది, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకి ఎంత సౌండ్ తయారు చేసి పంపుతుందన్నది. సెకనుకి 44,100 శాంపిళ్ల (ఇక్కడ శాంపిల్ అంటే సౌండ్‌లో ఒక చిన్న తునక) రేటు దగ్గర బఫర్ 512 శాంపిళ్లు పెడితే ఒక్క బఫర్‌కే 11.6 మిల్లీసెకన్లు. 48,000 దగ్గర 256 పెడితే 5.3. డ్రైవర్, సౌండ్ కార్డు తినేది దీనికి అదనం. 128కి దిగితే సర్జ్ హాయిగా మోగింది గానీ సలమాండర్ పియానో చిటపటలాడింది. దానిది మరి ఒక్కో స్వరానికి 16 స్థాయిల గట్టితనంతో రికార్డు చేసిన శాంపిళ్ల బరువు. 256 దగ్గర స్థిరపడ్డాను. చార్జర్ పెట్టి వాయిస్తేనే ఈ లెక్క. బ్యాటరీ మీద ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, చిటపటలు మళ్లీ మొదలు.

హార్మోనియం

సర్జ్‌లో ఖాళీ ప్యాచ్ తీసుకుని రెండు సా-టూత్ ఆసిలేటర్లు (రంపం పళ్ల ఆకారపు తరంగంతో సౌండ్ పుట్టించేవి) పెట్టాను, రెండోది ఒక స్థాయి కింద, పిసరంత డీట్యూన్ (శ్రుతి కాస్త పక్కకి). లోపాస్ ఫిల్టర్‌తో పైనున్న గరుకు కోసేసి, అటాక్‌ని (సౌండ్ మొదలయ్యే వేగాన్ని) కొంచెం నెమ్మది చేస్తే రీడు మెల్లగా గాలి అందుకున్నట్టు మోగుతుంది. అసలు హార్మోనియంలో మెట్టుని ఎంత గట్టిగా కొట్టినా సౌండ్ పెరగదు, పెంచేది తిత్తి. అందుకని ప్యాచ్‌లో వెలాసిటీ (మెట్టు గట్టితనం) ప్రభావం తీసేసి, వాల్యూమ్‌ని కీబోర్డ్ ఎడమ పక్కనున్న మాడ్ వీల్ అనే చక్రానికి కలిపాను. ఎడమ చేత్తో వీల్ తోస్తుంటే తిత్తి కొడుతున్నట్టే ఉంది. పద్యనాటకాల్లో రాగం తీసేటప్పుడు వెనక హార్మోనియం ఉబికి తగ్గే తీరు కొంతైనా పట్టుబడింది.

హార్మోనియం మీద కచేరీ సంగీతం వాళ్లకున్న ఫిర్యాదులు రెండు. గమకం పలకదు, స్వరస్థానాలు పన్నెండు సమాన భాగాలకు కట్టేసి ఉంటాయి. ఆకాశవాణి 1940లో దాన్ని బయటపెట్టి 1971 దాకా లోపలికి రానివ్వలేదు. అది చెక్కపెట్టె కాబట్టి ఏం చేయలేకపోయారు. ఇక్కడ పెట్టే లేదు కదా, రెండింటి సంగతీ చూద్దామనిపించింది.

ముందు స్వరస్థానాలు. సమాన భాగాల్లో అంతర గాంధారం షడ్జానికి 400 సెంట్ల ఎత్తున ఉంటుంది (సమాన భాగాల్లో ఒక్కో మెట్టుకి 100 సెంట్లు). తంబురాలో వినపడే గాంధారం 5/4, అంటే 386. ఈ పద్నాలుగు సెంట్ల తేడా శ్రుతి పక్కన పెట్టుకుంటే చెవిలో గుచ్చుతుంది. సర్జ్ స్కాలా ఫైళ్లు (స్వరస్థానాల నిష్పత్తులు రాసిన టెక్స్ట్ ఫైళ్లు) తీసుకుంటుంది, నోట్‌ప్యాడ్‌లో రాసుకోవచ్చు. మొదటి లైనులో ఏదో ఒక పేరు, రెండో లైనులో 12, ఆ కింద లైనుకొకటి చొప్పున: 16/15, 9/8, 6/5, 5/4, 4/3, 45/32, 3/2, 8/5, 5/3, 9/5, 15/8, 2/1. షడ్జం రాయక్కర్లేదు, ఉన్నట్టే లెక్క. ఎస్‌సీఎల్ ఎక్స్‌టెన్షన్‌తో సేవ్ చేసి సర్జ్ ట్యూనింగ్ మెనూలోంచి లోడ్ చేస్తే అయిపోయింది.

ఇక ఐదున్నర శ్రుతి. కీబోర్డ్ మీద ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది కదా అని అది నొక్కితే ఈ ట్యూనింగ్ చెడిపోతుంది. ట్రాన్స్‌పోజ్ చేస్తే మారేది మెట్టు అంకె. సర్జ్ మాత్రం 60నే షడ్జం అనుకుని పైవి కొలుస్తుంది కాబట్టి నిష్పత్తులన్నీ తప్పు చోట పడతాయి. దీనికి కేబీఎం అనే మ్యాపింగ్ ఫైలు ఉంది. అందులో మధ్య స్వరం 60, రిఫరెన్స్ స్వరం 60, ఫ్రీక్వెన్సీ 207.65 అని ఇవ్వాలి. అది జి షార్ప్, అంటే ఐదున్నర. వేళ్లు తెల్ల సి మీదే ఉంటాయి, మోగేది పాప శ్రుతి. ‘నాన్నా, ఇప్పుడు కలిసింది’ అంది.

గమకానికి పిచ్ బెండ్ వీల్ (మోగుతున్న స్వరాన్ని పైకీ కిందకీ జరిపే చక్రం). సరళీ స్వరాల రాగం మాయామాళవగౌళలో ఒక సౌకర్యం ఉంది. స–రి, గ–మ, ప–ద, ని–స, ఈ నాలుగు జంటల్లోనూ మధ్య దూరం ఒక్క మెట్టే. సర్జ్‌లో బెండ్ రేంజ్ పైకి 1 అని పెడితే వీల్ చివరిదాకా తోసినా పక్క స్వరం దాటదు. స మెట్టు పట్టుకుని వీల్ ఊపితే రిషభం కంపితం వస్తుంది. అయితే వీల్ ఇచ్చేది 100 సెంట్లు, మన ట్యూనింగ్‌లో ఆ దూరం 112. ఊగుతున్నప్పుడు ఈ తేడా ఆనదు గానీ, స్వరం మీద నిలబడితే తెలిసిపోతుంది. అందుకని నిలిపే స్వరానికి మెట్టే నొక్కుతున్నాను, ఊపడానికే వీల్.

వెనక ఆగకుండా మోగే శ్రుతిని వేరే ట్రాక్‌లో పెట్టండి. బెండ్ చానెల్ మొత్తానికి వర్తిస్తుంది. ఒకే ట్రాక్‌లో స–ప–స పట్టి ఉంచి వీల్ తోస్తే శ్రుతి కూడా ఊగిపోతుంది, వినడానికి భయంకరంగా ఉంటుంది. రెండో సర్జ్‌కి అవే రెండు ఫైళ్లు లోడ్ చేసి, స–ప–స ఒకసారి రికార్డు చేసి లూప్‌లో వదిలాను. ఆ ట్రాక్‌కి ఆర్మ్ తీసేయాలి.

సరళీ స్వరాలు రెండో కాలం దాకా ఒక చేత్తో నడుస్తున్నాయి. మాడ్ వీల్, బెండ్ వీల్ రెండూ ఎడమ చేతికే కాబట్టి తిత్తి, గమకం ఒకేసారి కుదరట్లేదు. కాలికి ఒక ఎక్స్‌ప్రెషన్ పెడల్ తీసుకుని తిత్తి పని దానికి అప్పజెప్పాలి. నా కంట్రోలర్‌కి వెనక సస్టెయిన్ జాక్ మాత్రమే ఉంది, అది ఆన్, ఆఫ్ తప్ప మధ్యలో ఏదీ పంపదు. యూఎస్‌బీకి నేరుగా తగిలించే పెడల్ కోసం చూస్తున్నాను.