కిలోంబావు, పావుకిలో

మొన్న ఆదివారం మా వంటింటి కాటా మీద రెండు కెమెరాలనూ పెట్టి తూచాను. కెనాన్ ఆర్7, దానికి తగిలించిన 100-400 మి.మీ. జూమ్ లెన్సు కలిపితే కిలోంబావు. రికో జీఆర్3, బ్యాటరీ, మెమరీ కార్డు వేశాక కూడా పావుకిలో దాటి ఏడెనిమిది గ్రాములు. ఒకటి మెడకు వేసుకుంటే సాయంత్రానికి భుజం లాగుతుంది. ఇంకోటి హ్యాండ్‌బ్యాగులో తాళాల గుత్తి పక్కన పడేస్తే ఉన్నట్టే తెలియదు.

నేను నెల్లూరులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఫొటోలు తీస్తానని తెలిసిన పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు అడుగుతుంటారు: "మేడమ్, ఏది కొనమంటారు? పెద్దదా, చిన్నదా?" నిలబడి రెండు మాటల్లో చెప్పలేకపోతున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఒక అపోహ సంగతి. చిన్న కెమెరా అంటే లోపల సెన్సర్ (వెలుగును పట్టి ఫొటోగా మార్చే చిప్పు) కూడా చిన్నదే అనుకుంటారు. చాలా పాకెట్ కెమెరాల్లో అది నిజమే. ఈ రెండింటిలో మాత్రం తలకిందులు. ఆర్7 సెన్సర్ 22.3 మి.మీ. వెడల్పు, 14.8 ఎత్తు. జీఆర్3ది 23.5, 15.6. లెక్క వేస్తే చిన్నదాని సెన్సరే పదో వంతు పెద్దది. మెగాపిక్సెల్స్ పెద్దదానికి ఎక్కువ, 32.5. చిన్నదానికి 24. మరి ఆ బరువంతా ఎక్కడిది? సగం లెన్సుది. దూరాన్ని దగ్గరికి లాగాలంటే గొట్టం పొడుగు కావాలి, గాజు ఎక్కువ కావాలి. జీఆర్3 లెన్సు మార్చడానికి వీల్లేదు, జూమ్ లేదు. ఎప్పుడూ ఒకటే, ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్ము సైజు సెన్సర్) లెక్కలో 28 మి.మీ., అంటే వెడల్పాటి చూపు. అందుకే సెన్సర్‌కు ఆనుకున్నట్టు కూర్చుని, ఆఫ్ చేయగానే లోపలికి ముడుచుకుంటుంది.

దూరం సంగతి నేలపట్టులో బాగా అర్థమైంది. దొరవారిసత్రం దగ్గరి పక్షుల కేంద్రం అది. 2022లో జిల్లాలు విడదీశాక తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మాకు నోరు తిరిగేది ఇంకా నెల్లూరు జిల్లా నేలపట్టు అనే. సంక్రాంతి సెలవుల్లో తెల్లారకముందే బయల్దేరి హైవే మీద నాయుడుపేట దాటేసరికి మంచు విడుతుంటుంది. చెరువు నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) కాపురాలు పెట్టి ఉంటాయి. మా నాన్న చిన్నతనంలో గూడ (నీళ్లు తోడే బుట్ట) వేసి మడికి నీళ్లు తోడిన మనిషి. గూడబాతు నోరు తెరిచినప్పుడు కింద వేలాడే సంచిని చూసి, "అదిగో, అచ్చం గూడే" అన్నారు ఒకసారి. అప్పటినుంచి నాకూ అట్టాగే కనబడుతుంది. పిల్ల ఆ సంచిలోకి తల మొత్తం దూర్చి చేప లాక్కుంటుంది. అది చూడడానికే ఏటా వెళతాను.

అక్కడ జీఆర్3 తీస్తే చెట్టు మీద తెల్ల చుక్కలు పడతాయి. అంతే. ఆర్7 మీద 400 దగ్గర పెడితే, ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 640 మి.మీ. అవుతుంది. అంటే చిన్నదానికంటే దాదాపు 23 రెట్లు దగ్గర. పిల్ల కంటి చుట్టూ ఉన్న తోలు ముడతలు కూడా కనబడతాయి. ఫోకస్ దానంతట అదే పక్షి కన్ను వెతుక్కుని పట్టుకుంటుంది. అన్నింటికంటే నాకు అపురూపంగా అనిపించేది ఇంకొకటి ఉంది. దాన్ని రా బరస్ట్‌లో, అంటే ఒక్క నొక్కుకు వేగంగా వరసపెట్టి ఫొటోలు తీసే పద్ధతిలో పెడితే, బటన్ పూర్తిగా నొక్కడానికి ముందు జరిగిన అర సెకను కూడా దాచి ఇస్తుంది. గూడబాతు రెక్క విప్పడం చూసి మనం నొక్కేలోగా అది కొమ్మ వదిలేసి ఉంటుంది. మన కన్ను చూసి, మెదడు చెప్పి, వేలు కదిలేలోపు పోగొట్టుకున్న క్షణాన్ని యంత్రం తెచ్చి చేతిలో పెడుతుంది. రియాక్షన్ టైమ్ పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు ఆ ఫొటోల వరసే చూపిస్తాను.

ఒక జాగ్రత్త. ఆ వేగంలో పనిచేసేది ఎలక్ట్రానిక్ షట్టర్. అది సెన్సర్‌ను పైనుంచి కిందికి వరుసలు వరుసలుగా చదువుతుంది. కింది వరుస చదివేసరికి రెక్క కదిలిపోయి, వంకరగా పడుతుంది. వేగంగా రెక్కలు కొట్టే పిట్టలకు, నిజంగా కదిలే తెరలున్న మెకానికల్ షట్టర్ పెట్టుకోండి. సెకనుకు 15 ఫొటోలు వస్తాయి, చాలు. గూడబాతు నిదానంగా ఎగిరేది కాబట్టి దానికి ఏదైనా సరిపోతుంది.

బ్యాటరీ గురించి పెద్దగా చెప్పేది లేదు. చిన్నది 200 ఫొటోలకే అయిపోతుంది, స్పేర్ ఒకటి తప్పనిసరి. పెద్దదానికి ఆ టెన్షన్ లేదు. మైపాడు బీచ్‌కి మాత్రం చిన్నదాన్ని తీసుకుపోను. గాలికి ఇసుక లేస్తుంది, దానికి దుమ్మూ తేమా ఆపే సీలింగ్ లేదు.

ఇక మనుషుల దగ్గరికి వస్తాను. నేను అసలు చెప్పాలనుకున్నది ఇదే.

స్వర్ణాల చెరువు మాకు దూరం కాదు. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ జరుగుతుంది. కోరిక తీరినవాళ్లు చెరువులో దిగి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు అందుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె, సంతానం రొట్టె. హిందువులు, ముస్లిములు అని లేదు, నెత్తిన కొంగు కప్పుకుని అందరూ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి "ఆ రొట్టె ఎవరి దగ్గరుంది?" అని కేకలు వేసుకుంటుంటారు. ఆ నీళ్లలోకి, ఆ తోపులాటలోకి కిలోంబావు బరువుతో దిగలేను. చీర ఎగదోపుకుని, జీఆర్3 తాడు మణికట్టుకు వేసుకుని దిగాను.

అక్కడ అది చేసే పని ఇంకేదీ చేయలేదు. స్నాప్ ఫోకస్ అని ఒకటి ఉంది. దూరం ముందే 2.5 మీటర్లని పెట్టేస్తే, వెతుక్కోకుండా నేరుగా అక్కడే ఫోకస్ చేసి తీస్తుంది. అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) కాస్త చిన్నది చేసి ఎఫ్8 పెడితే సుమారు మీటరున్నర నుంచి చెరువు అవతలి గట్టు దాకా అంతా స్పష్టంగానే ఉంటుంది. స్క్రీన్ చూడక్కర్లేదు. చెయ్యి నడుము దగ్గరే ఉంచి నొక్కచ్చు. షట్టర్ చప్పుడు పక్కవాళ్లకు కూడా వినపడదు. ఎవరూ సర్దుకోరు, ఎవరూ నవ్వు తెచ్చిపెట్టుకోరు.

ఆ రోజు సంతానం రొట్టె అందుకున్న ఒకమ్మాయిని తీశాను. పాతికేళ్లుంటాయేమో. రొట్టెను రెండు చేతులతో గుండెకు హత్తుకుని, కళ్లు మూసుకుని ఏడుస్తోంది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. మూడు ఫొటోలు తీశాక ఆమె కళ్లు తెరిచి నా చేతిలోకి చూసింది.

"ఎందుకు తీసినావక్కా?" అంది. కోపంగా కాదు, భయంగా. "మా ఇంట్లో తెలియకుండా వచ్చినాను."

నాకు నోట మాట రాలేదు. స్క్రీన్ ఆమె వైపు తిప్పి, ఆమె చూస్తుండగానే మూడూ చెరిపేశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి, జనంలోకి వెళ్లిపోయింది. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

పెద్ద కెమెరా మెడలో ఉంటే ఇలా జరిగేది కాదు. అది పది గజాల దూరం నుంచే అందరికీ కనబడుతుంది. ఇష్టం లేనివాళ్లు మొహం తిప్పుకుంటారు, ఇష్టమున్నవాళ్లు "మాది ఒకటి తియ్యమ్మా" అని వచ్చి నిలబడతారు. నేను నోరు తెరిచి అడగకపోయినా అదే నా తరఫున అడిగేస్తుంది. చిన్నదానితో ఆ అడిగే పని పూర్తిగా నా మీద పడుతుంది. ఇన్నాళ్లూ ఎవరికీ తెలియకుండా తీయగలగడమే దాని గొప్ప అనుకున్నాను, అందరికీ అదే చెప్పాను. ఇప్పుడు చెప్పను. మర్నాడు మళ్లీ చెరువు దగ్గరికి వెళ్లి, ప్రతి ఒక్కరికీ ముందు కెమెరా చూపించి, తియ్యమంటేనే తీశాను. తక్కువ ఫొటోలు వచ్చాయి.

మా అత్తయ్యది ఇందుకూరుపేట వైపు. ఆమెకు డెబ్బై దాటాయి. ఆర్7 బయటికి తీయగానే "ఉండమ్మాయ్, చీర మార్చుకోనొస్తా" అని లోపలికి వెళ్లి, వెంకటగిరి చీర కట్టుకుని, మళ్లీ తల దువ్వుకుని వచ్చింది. వేపచెట్టు కింద కుర్చీ వేయించుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, నవ్వకుండా నిటారుగా కూర్చుంది. ఇంతకుముందు నేను ఇలాంటి ఫొటోలను బిగుసుకుపోయినవని తీసిపారేసేదాన్ని. అది తప్పు. ఆ మనిషి తనను ఎలా గుర్తుపెట్టుకోవాలో తనే ఎంచుకుని కూర్చుంది. పెద్ద కెమెరా ఆమెకు ఆ వ్యవధి ఇచ్చింది. ఆ ఫొటో ఫ్రేము కట్టించి హాల్లో మామయ్య ఫొటో పక్కన పెట్టుకుంది. వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంది.

ఆ మధ్యాహ్నమే ఆమె చేపల పులుసు పెడుతోంది. వంటింట్లో ఒక్క చిన్న కిటికీ వెలుగే. మట్టి దాకలో పులుసు ఉడుకుతుంటే మామిడికాయ ముక్కలు వేసి, గరిట పెట్టకుండా దాకనే రెండు చేతులతో పట్టి అటూ ఇటూ తిప్పుతోంది, ముక్క చెదరకుండా. ఆవిరి మొహం మీదికి కొడుతోంది. ఇరుకు గది, నేను గోడకు ఆనుకుని ఉన్నాను. "అత్తయ్యా, ఒకటి తీసుకుంటా" అంటే, తల తిప్పకుండానే "తీసుకో, నీ ఇష్టం" అంది. జీఆర్3తో ఒక్కటే తీశాను. ఆవిరిలో సగం మొహం, నుదుటి మీద చెమట, పులుపు సరిపోయిందా అన్న ఆలోచనలో ముడిపడిన కనుబొమలు. నేను ఇప్పటిదాకా తీసిన మనుషుల ఫొటోల్లో అంత బాగా వచ్చింది ఇంకొకటి లేదు.

భోజనాలయ్యాక చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బాగనే ఉండాది గానీ, కొంగు చూడు ఎట్టుందో. ఇది నువ్వు చూసుకో అమ్మాయ్. ఎవరికీ చూపించబాక."

కింద నేలపట్టు ఫొటోలు పన్నెండు, రొట్టెల పండగవి ఏడు, వేపచెట్టు కింద అత్తయ్య ఫొటో ఒకటి పెట్టాను. పులుసు ఫొటో పెట్టలేదు.