గొర్రెలు పోయినా మొలవని చెట్లు

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో చీకటుండగానే బయల్దేరాం. బారియర్ హైవే మీద యుంటా అనే చిన్న ఊరొస్తుంది. అక్కడ తారు రోడ్డు వదిలి ఉత్తరానికి తిరిగితే ఇక ఎర్ర దుమ్మే. మాది అనంతపురం జిల్లా, ఎర్ర దుమ్ము నాకు కొత్త కాదు. గంటసేపు మనిషన్నవాడు కనబడకపోవడం మాత్రం కొత్తే.

మేం వెళ్తున్నది కూనమోర్‌కి. గొర్రెలు మేసి మేసి బోడి చేసిన నేల, మేత ఆపేస్తే ఎలా కోలుకుంటుందో చూద్దామని 1925లో అడిలైడ్ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర ప్రొఫెసర్ ఆస్బర్న్ అక్కడ సుమారు 400 హెక్టార్లకు కంచె వేయించారు. కొన్నేళ్లకే ఆయన సిడ్నీ వెళ్లిపోయారు. మొక్కల లెక్క మాత్రం తరాలు మారుతూ సాగింది.

మాతో వచ్చిన పెద్దాయన రిటైరైన పర్యావరణ శాస్త్రవేత్త. నాకు ముందు ఒక ఆకు తుంచి ఇచ్చి నమలమన్నారు. బూడిద రంగు, చిన్న ఆకు. ఉప్పగా ఉంది! సాల్ట్‌బుష్ అట. గొర్రెలు దీన్నీ మేస్తాయి.

కంచె బయట నీళ్ల తొట్టి చుట్టూ ఒక్క పొద లేదు. అంతా పెంటికలే. గొర్రెల దారులు బండిచక్రం ఆకుల్లా అన్ని వైపులా పోతున్నాయి. ఇలాంటి చోటుకి 1969లో అడిలైడ్‌లోనే లాంగే అనే శాస్త్రవేత్త 'పయోస్ఫియర్' అని పేరు పెట్టారు. టేపు పరుచుకుంటూ, పొదలు లెక్కబెడుతూ తొట్టికి దూరంగా నడిచాను. మా ఊరి కుంట చుట్టూ కూడా ఇంతే. దానికో పేరుందని మాకెవరికీ తెలియదు.

అసలు కథ కంచె లోపల ఉంది. సాల్ట్‌బుష్ తేరుకున్నా తుమ్మ జాతి చెట్లకు ఏళ్లతరబడి పిల్లమొక్కలు నిలవలేదు. గొర్రెలు లేవు కదా, మరెవరు తిన్నట్టు? కుందేళ్లు! 1970లలో వాటిని గట్టిగా అదుపు చేశాకే మొలకలు బతికాయి. మా తాత వినుంటే పగలబడి నవ్వేవాడు. గుట్ట బోడిదైందంటే చాలు, ఊళ్లో ముందు ఆయన మందనే తిట్టేవాళ్లు.

చివర్లో ఫొటో పని, పాతదానితో పోల్చి చూసేందుకు. నేలలో దిగేసిన మేకు దగ్గర నిలబడి, పాత ఫొటో తీసిన వైపుకే కెమెరా పెట్టాలి. పెట్టాను. నా నీడ ఫ్రేములో పడింది.

"కాస్త పక్కకి జరగనా?" అన్నాను.

"మేకు జరగదుగా" అన్నారాయన, ఫ్లాస్కు మూత తిప్పుతూ.

నీడ తప్పుకునేదాకా టీ తాగుతూ కూర్చున్నాం.