షుగర్ మిషన్ సూది, ఆ ల్యాబ్ కౌంటర్ – నా అనుభవం

నిన్ననే ఆఖరి రిపోర్ట్ చేతికొచ్చింది. హెచ్ఐవి నెగటివ్, హెపటైటిస్ బి నెగటివ్, సి కూడా నెగటివ్. మూడు నెలలు నేను పడ్డ పరేషాన్ పగోళ్లకు కూడా వద్దు. రోగం భయం పోయింది గానీ ఒక ల్యాబోళ్ల మీద కోపం మాత్రం పోలె, అందుకే ఇప్పుడే రాస్తున్న.

మాది మహబూబ్‌నగర్. నాకు షుగర్ బార్డర్ల ఉంది, మిషన్ కొనుక్కొని తిన్నంక రెండు గంటలకు ఇంట్లనే చూసుకొమ్మని డాక్టరమ్మ చెప్పింది. మా ఆయన పోలేపల్లి డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు ఒక మెడికల్ షాపుల తెచ్చిండు. ఆ రాత్రే వేలికి గుచ్చుకొని చూసుకున్న, 168 వచ్చింది, పండుకున్న.

తెల్లారి ఇంకో సూది తీసిన. దాని మీద గుండ్రటి ప్లాస్టిక్ మూత ఉంటది, దాన్ని తిప్పితే టక్ మని ఇరిగి ఊడింది. రాత్రి తీసినదాని మూత అట్ల ఇరగలేదు, పట్టుకొని లాగంగనే పెన్ను మూత లెక్క వచ్చింది. నాకు కాళ్లు చేతులు చల్లబడ్డయి. డబ్బా తీసి చూస్తే అంటించిన టేపు మీద ఇంకో టేపు ఉంది. కొత్త సూది మూత అతికే ఉంటది, ఒక్కసారి తిప్పి ఇరగ్గొట్టినంక మళ్ల అతకదు. వాడినోళ్లు ఎవరికీ గుచ్చుకోవద్దని ఆ మొనను మళ్ల మూతలనే గుచ్చి పెడ్తరు. అంటే ఎవరికో వాడిన సూదే నా వేలికి దిగింది. ఆ షాపుల కౌంటర్ మీద వచ్చినోళ్లకు వచ్చినట్టు షుగర్ చూస్తరు, ఆ డబ్బా అట్ల వాడిందే అయ్యుంటది. మా ఆయన పోయి అడిగితే "అన్నీ గట్లనే వస్తయి అన్నా" అన్నడంట. మిషన్ వాపస్ తీసుకున్నడు, సంగతి మాత్రం ఒప్పుకోలేదు.

ఇగ ఫోన్ల చదువుడే చదువుడు. సంకల గడ్డలున్నయా అని తడుముకునుడు, జ్వరం చూసుకునుడు, నా గ్లాసుల మా పాప నీళ్లు తాగుతుంటే గుంజుకున్న, అది బిత్తరపోయి ఏడ్చింది. రక్తం చుక్క పెట్టి మిషన్ల చూసే ఆ స్ట్రిప్పుకు కూడా వేరేటోళ్ల రక్తం అంటి ఉన్నదేమో, అది నా వేలిలకు ఎక్కిందేమో అని అదో భయం. (స్ట్రిప్ మన రక్తాన్ని లోపలికి గుంజుకుంటది, అది మళ్ల బయటికొచ్చి వేలిలకు పోదు, ఇది నాకు తర్వాత తెలిసింది.)

మా ఆయన డ్యూటీల ఉన్నడు, ఆగబుద్ధి కాలేదు, ఒక్కదాన్నే టౌన్‌ల పెద్ద పేరున్న ఒక ప్రైవేట్ ల్యాబుకు పోయిన.

కౌంటర్ల కూసున్న పిలగాడికి పాతికేండ్లు కూడా ఉండయి. నేను మెల్లగ "హెచ్ఐవి, హెపటైటిస్ చేయించుకోవాలె బాబూ" అన్న. వాడు కంప్యూటర్ల కొట్టుకుంటనే ఎనకకు తిరిగి లోపలున్నామెకు ఇనబడేటట్టు "మేడమ్, ఎయిడ్స్ టెస్ట్ ఒకటుంది, ప్యాకేజీ ఏద్దామా" అని అరిచిండు. హాల్ల కుర్చీలన్నీ నిండుగున్నయి. పక్కన కూసున్న ముసలామె కొంగు సర్దుకొని ఒక కుర్చీ అవతలికి జరిగింది. మా కాలనీ ఆమె ఒకామె పిల్లగానికి డెంగ్యూ టెస్ట్ చేయించనీకి వచ్చి అక్కడనే ఉంది, నా మొహం చూసి సప్పుడు చేయకుండ ఫోన్ల మొహం పెట్టుకుంది. లోపల నుంచి ఆ మేడమ్ వచ్చింది, నాకంటె చిన్నదే. "పెండ్లైందా? మీ ఆయన ఏం పని చేస్తడు? బయట తిరుగుతడా? ఆయనను కూడా తోలుకరా, ఇద్దరికి చేస్తం" అన్నది, అందరి ముంగటనే. నేను షుగర్ సూది సంగతి చెప్పబోతే "అందరు ఏదో ఒకటి చెప్తరమ్మా" అన్నది! నా నోట్లకెళ్లి మాట రాలే. పైసలు కట్టిన, రక్తం ఇచ్చిన, ఆ సూది కొత్తదేనా కాదా అని కూడా అడగబుద్ధి కాలేదు, చేతులు వణికినయి.

సాయంత్రం రిపోర్ట్ కోసం పోతే కవర్ లేకుండ కాగితం చేతిల పెట్టి, "నెగటివ్ ఉందమ్మా, ఇగ సంతోషమేనా" అన్నడు ఆ పిలగాడు. పక్కన మనుషులు నవ్విండ్రు. నేను ఇంటికి చేరకముందే మా అత్తమ్మకు సంగతి చేరింది. ఆమె ఏమీ అడగలేదు గానీ ఆ రాత్రి నా పల్లెం వేరే పెట్టింది. మా ఆయన వచ్చినంక సూది, డబ్బా అన్నీ చూపెట్టి కూసోబెట్టి చెప్పిండు, అప్పుడు నా దగ్గరకొచ్చి తల నిమిరింది. అప్పటిదాక నేను మింగిన మాటలు ఎవరికి చెప్పాలె?

పైగా ఆ రిపోర్టుకు అర్థమే లేదు. గుచ్చుకున్న మర్నాడు టెస్ట్ చేస్తే అంతకుముందు మనకు రోగం ఉందా లేదా అన్నదే తెలుస్తది, ఆ సూదితో అంటిందో లేదో తెల్వదు. ఆ ముక్క చెప్పకుండ, ఇంత పెద్ద ప్యాకేజీ అని ఫీజు గుంజిండ్రు.

తెల్లారి మా ఆయన నన్ను గవర్నమెంట్ జనరల్ ఆస్పత్రిల ఐసీటీసీకి (హెచ్ఐవి కౌన్సిలింగ్, టెస్ట్ చేసే సెంటర్) తోలుకపోయిండు. సర్కారు దవాఖాన అంటే మొహం తిప్పుకునేటోళ్లు వినాలె, ఆడ ఒక్క రూపాయి తీసుకోలే. కౌన్సిలర్ మేడం తలుపు దగ్గరికేసి, కూసోబెట్టి, మొదటి నుంచి ఆఖరి దాక నేను చెప్పింది విన్నది. "నీ పేరు ఈ గది దాటి పోదమ్మా" అన్నది. ఆ ఒక్క మాటకు నాకు ఏడుపొచ్చింది. టెస్ట్ కార్డు మీద కూడా వైరస్ ఉంటదా, వేలికి అంటుతదా అని అడిగిన. అందుల బతికున్న వైరస్ ఉండదు, ల్యాబుల చేసిన ప్రోటీన్ ముక్కలే ఉంటయి, దాని నుంచి ఏమీ అంటదు అని ఓపికగ చెప్పింది.

తర్వాత డాక్టర్ సార్ చూసిండు. హెచ్ఐవి బయట గాలికి తొందరగ బలహీనమైతది, ఇది రక్తం నింపుకునే బోలు సూది కాదు, సన్న మొన అంతే, ఎండిపోయింది కూడా, అందుకని హెచ్ఐవి అంటకుండ ముందుగాల మింగే మందు అక్కర్లేదు అన్నడు. నిజంగ రిస్క్ ఉన్న కేసులైతే 72 గంటల్లోపల మొదలుపెట్టి 28 దినాలు మందులు మింగాలంట, అందుకే ఎవరికైనా అనుమానం వస్తే ఇంట్ల కూసొని ఫోన్ చూడకుండ అదే దినం పోవాలె. హెపటైటిస్ బి సంగతి వేరే. ఆ వైరస్ ఎండిన రక్తంల వారం దాక బతుకుతది, షుగర్ సూదులు ఒకరివి ఒకరు వాడితే అంటిన కేసులు అమెరికాల ముసలోళ్ల హోముల్ల శానా బయటపడ్డయంట. నాకు చిన్నప్పుడు ఆ టీకా పడలేదు. ఆ రోజే మొదటి డోస్ ఏసిండ్రు, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. హెపటైటిస్ సి వస్తే మూడు నెలల గోలీలతోనే ఎక్కువ మందికి నయమైతది, అవి సర్కారు ప్రోగ్రామ్‌ల ఉచితం అని కూడా చెప్పిండు. హెచ్ఐవికి వేలు గుచ్చి చూసే కార్డు టెస్టుకు మూడు నెలలు ఆగితేనే నమ్మకం, ఆ దినం మళ్ల రమ్మన్నరు. నిన్న పోయింది అందుకే.

మధ్యల ఒకసారి 1097కు ఫోన్ చేసి మాట్లాడిన, ఉచితం, పేరు చెప్పనవసరం లేదు, రాత్రి భయమైనప్పుడు పనికొచ్చింది.

ఇగ చట్టం సంగతి. 2017ల హెచ్ఐవి ఎయిడ్స్ చట్టం వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలుల ఉంది. మన అనుమతి లేకుండ టెస్ట్ చేయొద్దు, టెస్టుకు ముందు, తర్వాత కౌన్సిలింగ్ ఉండాలె, మన సంగతి బయట పెట్టొద్దు. ఇది నేను ప్రింట్ తీసి చంకల పెట్టుకొని మా ఆయనతో మళ్ల ఆ ల్యాబుకు పోయిన. అదే హాల్ల నిలబడి, అదే కౌంటర్ ముంగట, ఒక్కో లైన్ చదివిన, గొంతు ఒణకలేదు. కుర్చీల ఉన్నోళ్లందరు విన్నరు. మేనేజర్ లోపల గదిల కూసోమంటె కూసోలె, "ఆ రోజు నన్నెక్కడ అడిగిండ్రో ఇక్కడనే మాట్లాడుదాం" అన్న. ఆయన చేతులు జోడించిండు, ఆ మేడమ్ మాత్రం లోపల నుంచి బయటికి రాలే.

షుగర్ మిషన్ కొనేటోళ్లు నాలుగు పైసలు ఎక్కువైనా సీలు పగలని డబ్బా తెచ్చుకోండి, సూది మూత టక్ మని ఇరగకపోతే పారేయండి, ఇంట్ల ఇద్దరికి షుగర్ ఉంటే గుచ్చే పెన్ను కూడా ఎవరిది వాళ్లకే ఉంచండి. బస్టాండు దగ్గర పది రూపాయలకు షుగర్ చూసే షాపుల కాడికి మాత్రం పోకండి.

మెడికల్ షాపు మీద, ల్యాబు మీద రెండు దరఖాస్తులు రాసి జిల్లా వైద్యాధికారి ఆఫీసుల ఇచ్చిన, నకలు మీద స్టాంపు ఏసి ఇచ్చిండ్రు. జవాబు ఏమొచ్చినా ఇక్కడ రాస్త.