మన్నడిలో దూదిపింజ

మన్నడి మెట్రో మెట్లెక్కి పైకొచ్చేసరికి పదకొండు దాటింది. మే నెల మద్రాసు ఎండ. చంకలో నాలుగడుగుల పీవీసీ గొట్టం, అందులో రెండు ముక్కలుగా విడదీసిన నా గాలపు కర్ర. సెంట్రల్‌లో సెక్యూరిటీ వాళ్లు ఆ గొట్టం మూత తీయించి, లోపలికి టార్చి వేసి చూసి, "ఎన్న సార్ ఇదు?" అని అడిగారు. "తూండిల్" అన్నాను, అంటే గాలం. నాకు వచ్చిన నాలుగు తమిళ ముక్కల్లో అదొకటి. వదిలేశారు.

మేం నెల్లూరు నుంచి వచ్చింది మా తోడల్లుడి కూతురి పెళ్లికి. పెళ్లి పెరంబూరులో. బాగా జరిగింది, ఇంతకు మించి దాని గురించి రాయను. ఎందుకంటే ముహూర్తానికి అక్షతలు వేస్తున్నప్పుడు కూడా నా బుర్రలో తిరిగింది ఒక్కటే: ఏప్రిల్‌లో కృష్ణపట్నం దగ్గర ఉప్పుటేరులో తెగిపోయిన దారం.

పోటు తిరిగే వేళ. పండుగప్ప ఎర అందుకుని ఒక్కసారి నీళ్ల మీదికి లేచింది. వెడల్పాటి వెండి ఒళ్లు, తల అటూ ఇటూ విదిలించింది. నాలుగైదు కిలోలకు తక్కువ ఉండదు. రీలు దారం వదులుతోంది, అంతా సవ్యంగానే ఉంది. ఫట్. చేతిలో బరువు పోయింది. తెగింది ముడి దగ్గర కాదు, దానికి మూడడుగుల పైన. ఆ నెలలో అది మూడోసారి. డబ్బా మీద 30 పౌండ్ల బరువు ఆగుతుందని అచ్చేసి ఉంది, 1,450 రూపాయలు పోసి కొన్నాను, ఆరు నెలలు కాలేదు. నకిలీ సరుకు అంటగట్టారని రగిలిపోయాను. మద్రాసు వెళ్లినప్పుడు అన్నింటికంటే ఖరీదైన అల్లిక దారం, అదే అందరూ బ్రెయిడ్ అంటారే, అది తెచ్చుకోవాలని అప్పుడే అనుకున్నాను.

ఆ కోపంతోనే పారిస్ కార్నర్ వెనక సందుల్లో నడుస్తున్నాను. తోపుడుబళ్లు, మూటలు, ఎదురుగా ఆటోలు. ఈ వైపుకొస్తే నాకు మాత్రం పరాయి ఊరనిపించదు. కన్యకా పరమేశ్వరి గుడి ఇక్కడే, కొత్తవాల్ చావడి ఇక్కడే. 1996లో కూరగాయల మార్కెట్టు కోయంబేడుకు తరలిపోకముందు మా నాన్న సరుకు పనిమీద ఇక్కడికి వచ్చి వెళ్తుండేవాడు, వచ్చినప్పుడల్లా నాకో ప్లాస్టిక్ బొమ్మ తెచ్చేవాడు.

నేను వెతుక్కున్న దుకాణం పదడుగుల వెడల్పు కూడా లేదు. ముందంతా తాళ్ల చుట్టలు, వలల కట్టలు, సీసపు గుళ్లు, బెండ్లు. లోపల గాజు అరల్లో రీళ్లు, దారాలు. గల్లా దగ్గర డెబ్బై ఏళ్లు పైబడిన పెద్దాయన. నేను తమిళంలో తడుముకుంటుంటే, "తెలుగులోనే చెప్పండి, మేమూ తెలుగోళ్లమే. తాతల కాలం నుంచి ఇక్కడే ఉండాము" అన్నాడు.

"అన్నింటికంటే గట్టి బ్రెయిడ్ కావాలయ్యా. ధర సంగతి తరవాత."

"తెగిందా?"

"మూడుసార్లు."

"యాడ తెగింది? ముడి కాడనా, పైననా?"

పైన అన్నాను. ఎంత పైన అన్నాడు. మూడడుగులన్నాను. మూడుసార్లూ సుమారు అక్కడేనా అన్నాడు. అప్పటివరకూ నేను ఆలోచించని ప్రశ్న అది. ఔను, మూడుసార్లూ అక్కడే.

"కర్ర బయటికి తియ్యి నాయనా."

గల్లా పైన గూట్లో వెంకటేశ్వరస్వామి పటం, దాని ముందు దీపం. పక్కన వత్తుల కోసం పెట్టుకున్న దూది. ఆయన లేచి, అందులోంచి వేలెడంత పింజ తీసి, సన్నగా పేని, నా కర్ర పొడవునా దారం నడిచే రింగులున్నాయి కదా, వాటిలో మొదట్లో ఉన్న పెద్దదాంట్లోంచి దూర్చి గుండ్రంగా తిప్పాడు. ఏమీ లేదు. రెండో రింగు, మూడో రింగు. దూది నున్నగా జారిపోతోంది. ఒక్కో రింగుకూ ఓపిగ్గా తిప్పుతున్నాడు, నాకేమో ఆలస్యమవుతోందని చిరాకు. చిట్టచివరి రింగులో దూది ఆగింది. లాగితే పింజ వచ్చేసింది గానీ, నాలుగు తెల్లటి పోగులు లోపలి పింగాణీ వలయానికి పట్టుకుని వేలాడుతున్నాయి.

"ఇద్దో, నీ నకిలీ సరుకు" అన్నాడు.

వెలుతురుకు పట్టి చూశాను. కంటికి దాదాపు కనపడదు, వెంట్రుక మందం పగులు. గోరుతో రాస్తే తెలుస్తోంది. సంక్రాంతి తరవాత ఒకరోజు వంతెన మీద స్కూటరు వంగినప్పుడు ఈ కర్ర కొన పిట్టగోడకు కొట్టుకోవడం గుర్తొచ్చింది. కొన విరగలేదు కదా అని అప్పుడు సంతోషించాను. ఆ రోజు నుంచి విసిరిన ప్రతిసారీ, చుట్టిన ప్రతిసారీ నా దారం ఆ అంచు మీదే నడిచింది. చేప గుంజినప్పుడు బరువంతా ఆ రింగు మీదే పడుతుంది. నేను మాత్రం అమ్మినవాణ్ణి తిడుతూ గడిపాను.

ఆయన నా రీలులోంచి రెండు మీటర్లు లాగి, నల్ల కాగితం మీద పరిచాడు. అక్కడక్కడ నూగు లేచి ఉంది. కొంచెం నూగు మామూలేనట, వాడేకొద్దీ వస్తుంది, దానికి భయపడక్కర్లేదు. దారం ఒకచోట సన్నబడినట్టుంటేనో, వేళ్ల మధ్య గరుకుగా గుచ్చుకుంటేనో ఆ మేర కోసి పారేయాలి. రింగు సరిగా ఉన్నా సరే, నాలుగైదుసార్లు గాలానికి వెళ్లొచ్చాక ముందు మూడు నాలుగు మీటర్లు కోసేయడం మంచిదన్నాడు. ఆ ముక్క మీదే దెబ్బలన్నీ పడతాయి కాబట్టి.

"గట్టి దారం అంటే ఏమనుకుంటా ఉండావు?" అంటూ బయట వేలాడుతున్న లావాటి తెల్ల తాడు చూపించాడు. హార్బరులో ఓడలు కట్టడానికి వాడే రకం. అదీ ఇదీ ఒకటే సరుకు, పాలిథీన్‌లోనే మహా బలమైన రకం, డైనీమా అనీ స్పెక్ట్రా అనీ పేర్లు. తూటాలు ఆపే కవచాల్లోనూ అదే ఉంటుంది. నీళ్లకన్నా తేలిక, తేలుతుంది. నైలాన్ లాగినప్పుడు ఇరవై శాతం పైగా సాగుతుంది, ఇది ఐదు శాతం కూడా సాగదు. అందుకే చేప ఎర ముట్టగానే చేతికి తెలుస్తుంది. అందుకే కుదుపు కూడా దాచుకోదు. నైలాన్ సాగి కాపాడేచోట ఇది సూటిగా ముడి మీదా, రింగు మీదా, కొక్కెం మీదా పడుతుంది. ఇంకో బలహీనత వేడి. నూట యాభై డిగ్రీల దగ్గర కరిగిపోతుంది.

"ముడి బిగించేటప్పుడు తడి చేస్తావా?"

చేయనన్నాను. పొడిగా బిగిస్తే రాపిడికే కాలి, కంటికి కనపడకుండా బలం పోతుందట. ఉమ్మితో తడిపినా చాలన్నాడు. నేను నైలాన్‌కు వేసే పాత చుట్టు ముడి ఈ నున్నటి దారానికి జారిపోతుందని, దీనికి పలోమార్ అనే ముడి వేయాలని, అసలు కొక్కేన్ని దీనికి నేరుగా కట్టనేకూడదని, ముందు మీటరున్నర లావాటి నైలాన్ కలపాలని చెప్పాడు. రాళ్లకు, ఆల్చిప్పలకు రాసుకుంటే ఈ సన్నటి పోగులు నిలవవు. ఆ రెండూ కలిపే ఎఫ్‌జీ ముడి వేసి చూపించాడు. నైలాన్ మీద బ్రెయిడ్‌ను అటొకసారి ఇటొకసారి జడ అల్లినట్టు ఇరవై చుట్లు. ముసలి వేళ్లు, ఒక్కసారి కూడా తడబడలేదు. నేను నాలుగుసార్లు వేసి నాలుగుసార్లూ విప్పాల్సి వచ్చింది. ఈలోగా ఇద్దరు బేరగాళ్లు వచ్చి, చూసి వెళ్లిపోయారు. ఆయన లేవలేదు.

రింగు మార్చడం ఐదు నిమిషాల పని. లైటరు దూరంగా పట్టి వేడిచేస్తే లోపలి జిగురు మెత్తబడింది, పాతది జారింది, కొలత చూసి కొత్తది అతికించాడు. రింగు 70 రూపాయలు. పనికి డబ్బులు తీసుకోలేదు.

"మరి కొత్త దారం?" అన్నాను.

"నీకెందుకు?" అన్నాడు. "నువ్వు విసిరేది యాభై మీటర్లు. రీల్లో ఉండేది నూట యాభై. అడుగున ఉండే నూరు మీటర్లు ఎండ మొహమే చూడలేదే. ఇంటికి పోయి తిరగేసి చుట్టుకో."

అమ్మకానికి కూర్చున్న మనిషి వద్దంటాడని నేను అనుకోలేదు. కొనడానికి జేబులో మూడు వేలు పెట్టుకుని వచ్చాను. ఆ డబ్బు అలాగే ఉంటే ఏదో అసంతృప్తి.

అదృష్టవశాత్తు గూడూరులో మా మిత్రుడు ఒక దారం తెమ్మన్నాడు. చెరువుల్లో కొరమేను పడతాడు, తామరాకుల మీద రబ్బరు కప్ప లాగుతూ. నేను ఎనిమిది పోగుల అల్లికది తీయమన్నాను, ఖరీదైనది కాబట్టి మంచిదని. పెద్దాయన వద్దన్నాడు. ఎనిమిది పోగులది గుండ్రంగా, నున్నగా ఉంటుంది, దూరం పోతుంది, రింగుల్లో చప్పుడు చేయదు. సముద్రం ఒడ్డున విసిరేవాళ్లకు అది. అదే మందంలో నాలుగు పోగులదైతే ఒక్కో పోగు లావు, తూటికాడల్లో, నాచులో రాసుకున్నా ఓర్చుకుంటుంది. చెరువుకు అదే, అదీ లావాటిది. డబ్బా మీద పౌండ్లు చూడొద్దు, మందం చూడమన్నాడు. ఒక్కో కంపెనీ పౌండ్లు ఒక్కోలా వేసుకుంటుంది. జపాను వాళ్ల పీఈ అంకెలైతే కొలత తెలుస్తుంది: పీఈ 1 అంటే 0.165 మిల్లీమీటర్లు, పీఈ 2 అంటే 0.235. మిత్రుడికి పీఈ 4 ఇచ్చాడు, 850 రూపాయలు. యాభై తగ్గించమంటే తగ్గించలేదు. అంతసేపు కూర్చోబెట్టి చెప్పినాయనతో బేరమాడాలనిపించడం నాకే నచ్చలేదు, మానేశాను.

మధ్యాహ్నం తిండి గురించి మాత్రం చెప్పాలి. చేపల భోజనం అని బోర్డు చూసి వెళ్లాను. వేట నిషేధం నడుస్తోంది కదా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు మరబోట్లు కదలవు, మన తీరానా అంతే. ఆ పేరు చెప్పి అరచేయంత వంజరం ముక్కకు 320 తీసుకున్నారు. అది ఐసులో ఎన్నాళ్లున్నదో. కుళంబు పల్చగా, మామిడికాయ లేదు. మే నెలలో చేపల పులుసులో మామిడికాయ లేకపోవడమేంటి! మా నెల్లూరులో ఆ పులుసు ఒకరోజు నిలవుంచి మర్నాడు తింటారు. ఇక్కడ పొద్దున వండింది కూడా నాలుక దాటగానే మర్చిపోయాను.

మర్నాడు తిరువొట్టియూరు వెళ్లాను, పెద్దాయన చెప్పినచోటికే. అలల కోతకు అడ్డంగా సముద్రంలోకి వేసిన రాళ్ల కట్టలున్నాయి. తెల్లవారకముందే నలుగురైదుగురు గాలాలు వేస్తున్నారు. అదే పాత దారం, ముందు ఐదు మీటర్లు కోసేసి, కొత్త రింగులోంచి విసిరాను. చప్పుడు మారింది. ఇన్నాళ్లూ విసిరినప్పుడు సన్నగా చీరినట్టు వినపడేది, అది రీలు చప్పుడనుకునేవాణ్ణి. రెండు గంటల్లో ఒక్క చిన్న పార చేప పడింది, వదిలేశాను. పక్కన ఉన్న కుర్రాడు ముడి కోసినప్పుడల్లా ఆ తుంపు దారాన్ని జేబులో వేసుకుంటున్నాడు. ఎందుకని సైగ చేస్తే, రాళ్ల మీద నడుస్తున్న కాకిని చూపించి, తన చీలమండ చుట్టూ వేలితో గుండ్రంగా గీశాడు. ఇది కుళ్లే వస్తువు కాదు. నేనూ నా తుంపులు ఏరుకున్నాను. అంతకుముందు ఎన్ని వదిలేశానో కృష్ణపట్నం ఒడ్డున.

నెల్లూరు చేరిన మూడో రోజు సాయంత్రం పెరట్లో పని పెట్టుకున్నాను. ముందు రీలు మీద మంచినీళ్లు పోసి, గుడ్డతో అద్ది, నీడన ఆరబెట్టాను. ఉప్పునీరు ఈ దారాన్ని కుళ్లబెట్టదు గానీ, పోగుల మధ్య ఎండిన ఉప్పు గరుకు పట్టి అటు దారాన్నీ ఇటు రింగుల్నీ అరగదీస్తుందట. ఆ పని నేను ఇంతవరకూ చేసిందే లేదు. మా తాత చేసేవాడు. ఆయనది నూలు దారం. తుమ్మబెరడు కషాయంలో నానబెట్టి, ప్రతిసారీ ఏటి నుంచి రాగానే కడిగి, ఈ రెండు కొబ్బరిచెట్ల మధ్యనే కట్టి ఆరవేసేవాడు. ఆరకముందు మేం దానికింద దూరి పరిగెత్తితే అరిచేవాడు. నైలాన్ వచ్చాక మా నాన్న అది మానేశాడు, నేను అసలు నేర్చుకోలేదు.

దారం మొదటి కొస ఒక చెట్టుకు కట్టి, రెండు చెట్ల చుట్టూ తిప్పుతూ రీలంతా విప్పాను. ఖాళీ రీలుకు ముందు కాస్త నైలాన్ చుట్టాను, లేకపోతే ఈ నున్నటి దారం మొత్తంగా రీలు మీదే జారుతుంది. తరవాత చెట్టుకు కట్టిన కొసనే ముందుగా ఆ నైలాన్‌కు ముడివేసి తిరిగి చుట్టడం. మా అబ్బాయిని పిలిచి తడిగుడ్డ ఇచ్చి, దారాన్ని దాంతో గట్టిగా పట్టుకోమన్నాను. వదులుగా చుడితే చేప గుంజినప్పుడు పై వరస కింద వరసల్లోకి దిగబడిపోతుంది, మళ్లీ విసిరేటప్పుడు అక్కడే చిక్కుకుంటుంది. ఒట్టి వేళ్లతో పట్టుకోవద్దన్నాను, కోస్తుంది.

మొదట యాభై మీటర్లు వెలిసిపోయిన దారమే, దాదాపు తెల్లగా, నూగు లేచి. అది రీలు అడుక్కి వెళ్లింది. తరవాత రంగు మారడం మొదలైంది. లేతాకుపచ్చ, ఇంకొంచెం ముదురు.

"నాన్నా, ఇది వేరే దారమా?" అన్నాడు వాడు.

"కాదురా, అదే. గుడ్డ వదలకు."