స్విచ్చు అందని చేతికి

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పాత ఇళ్లలో స్విచ్చు బోర్డు నిలబడిన మనిషి భుజం కంటే ఎత్తులో ఉంటుంది. పిల్లల చేతికి అందకూడదని అప్పట్లో అలా పెట్టించుకున్నారు. ఏళ్ల తరబడి ఫ్లోరైడు నీళ్లు తాగి వెన్ను బిగుసుకుపోయి, మోకాళ్లు వంగిపోయి, చెయ్యి భుజం దాటి లేవని మనుషులు కూడా ఆ ఇళ్లలోనే బతుకుతున్నారు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. మా వైపు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. మిషన్ భగీరథతో తాగే నీళ్లు మారాయి గానీ, అప్పటికే బిగిసిన కీళ్లు మళ్లీ వదులు కావు. మా మేనమామ ఆ తరం మనిషి. రాత్రిపూట ఫ్యాను తగ్గించడానికి అత్తమ్మను నిద్ర లేపవలసి రావడం ఆయనకు కీళ్ల నొప్పి కంటే పెద్ద బాధ.

కాబట్టి ఆ ఇంటికి ఏ పరికరం కొనాలన్నా నేను చూసేది ఒక్కటే: దానివల్ల ఆ పని మంచం మీది మనిషి చేతికి వస్తుందా, లేక హైదరాబాదులో ఉన్న కొడుకు ఫోనులోకి పోతుందా? వృద్ధుల కోసమని ప్రచారం చేసి అమ్మే వాటిలో చాలా వరకు రెండో రకానివే.

దూరం నుంచి స్విచ్చు వేయడం మన రైతులకు కొత్త విద్యేమీ కాదు. స్టార్టరు డబ్బాలో సిమ్ కార్డు వేసి, ఇంట్లో కూర్చుని ఫోను చేసి బోరు మోటారు నడిపేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, కరెంటు రాగానే తమంతట తామే మోటారును నడిపే ఆటో స్టార్టర్లను తీసేయమని ప్రభుత్వం చెప్పింది. నీళ్ల అవసరం ఉన్నా లేకపోయినా అవి తోడేస్తాయన్నది కారణం. ఇంట్లోనూ ఇలాంటి చిక్కే వచ్చింది. మామయ్య గదిలో పెట్టిన స్మార్ట్ బల్బు, అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎవరూ అడగకుండానే భగ్గుమని వెలిగేది. యాప్‌లో దాన్ని సరిచేయవచ్చు. కానీ గోడ మీది స్విచ్చు ఆపేస్తే ఆ బల్బు ఇక దేనికీ పలకదు, అత్తమ్మకేమో పడుకునే ముందు స్విచ్చులన్నీ ఆపడం అలవాటు. అందుకని బల్బు తీసేసి, బోర్డు లోపల, స్విచ్చుల వెనక అమర్చే చిన్న మాడ్యూలు పెట్టించాము. దానితో పాత స్విచ్చు పాతలాగే పనిచేస్తుంది, గదిలోని స్మార్ట్ స్పీకరుకు చెప్పే మాటకూ పనిచేస్తుంది. అయితే ఆ మాడ్యూలుకు కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరు కూడా కావాలి, పాత బోర్డుల్లో చాలాచోట్ల కరెంటు తెచ్చే ఫేజు వైరు ఒక్కటే దిగి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పి చూడక ముందే ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టకండి. ఈ మాటలు ఇంటర్నెట్టు మీదనే నడుస్తాయి కాబట్టి, రౌటరును ఇన్వర్టరు మీద వేయకపోతే కరెంటు పోయిన క్షణాన మాటలన్నీ వృథా.

స్పీకరు విషయంలో మామయ్య నన్ను ఆశ్చర్యపరిచారు. మేము కొన్నది హిందీ, ఇంగ్లీషు మాత్రమే వింటుంది. వయసులో మహారాష్ట్రలోని భివండిలో మరమగ్గాల మీద పనిచేసి వచ్చిన ఆయన, "పంఖా బంద్ కరో" అని గదమాయించి, అది ఆగగానే నావైపు తిరిగి, "అల్లుడా, సేట్లు నన్ను గిట్లనే పిలుస్తుండె" అని నవ్వారు. హిందీ రాని అత్తమ్మ మాత్రం దాని జోలికే పోరు.

ఇంటర్నెట్టు అక్కరలేనివే ఎక్కువ మేలు చేశాయని నా అభిప్రాయం. మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకుంటే, రిమోటుతో వచ్చే, తక్కువ కరెంటు తీసుకునే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కలే తీసుకుంటుంది, ఇన్వర్టరు మీద ఎక్కువసేపు నడుస్తుంది, రిమోటును మంచం పట్టెకు తాడుతో కట్టేయవచ్చు. బాత్రూముకు పోయే దారిలో, మనిషి కదలికకు వెలిగే సెన్సారు దీపం పెట్టాము. అది గుర్తించేది ఒంటి వేడినీ చుట్టూ ఉన్న వేడినీ విడదీసి చూసి కాబట్టి, నల్లగొండ మే నెల ఉక్కలో ఒక్కోసారి మనిషి దగ్గరికి వచ్చేదాకా వెలగదు. దాన్ని నడిచే దారికి ఎదురుగా కాకుండా అడ్డంగా చూసేటట్టు బిగిస్తే కొంత నయం. వీటన్నిటి కంటే చవకైనది వైర్‌లెస్ కాలింగ్ బెల్లు. దాని బటను మామయ్య మెడలో ఉంటుంది, గంట వంటింట్లో మోగుతుంది. చెవులు వినపడని వారికైతే గంటతో పాటు లైటు మెరిసే రకం తీసుకోవాలి.

కెమెరా దగ్గరే గొడవంతా. కొడుకు పంపిన కెమెరాను మంచం వైపు పెడితే, అత్తమ్మ రెండో రోజే దాని మీద తువ్వాల కప్పేశారు. నేను ఆమె పక్షమే. బట్టలు మార్చుకునే గదిలోకి కన్నకొడుకైనా సరే ఎప్పుడంటే అప్పుడు తొంగి చూడకూడదు. ఇప్పుడది వాకిలి వైపు తిరిగి ఉంది, వచ్చిందెవరో మామయ్య లేవకుండానే ఫోనులో చూస్తున్నారు.

2017లో మొదలైన కేంద్ర పథకం రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేద వృద్ధులకు చేతికర్రలు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు, కళ్లజోళ్లు ఇస్తున్నారు. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. స్విచ్చు బోర్డును మూడడుగుల ఎత్తుకు దించడానికి మాత్రం మా మామయ్య సొంత డబ్బే పెట్టుకున్నారు. ఫ్లోరైడు పీడిత మండలాల్లో ప్రభుత్వం కట్టించే ఇళ్లకైనా ఆ ఎత్తును నిబంధనగా పెడితే, మాడ్యూలూ స్పీకరూ కొనలేని వాళ్ల చేతికి కూడా స్విచ్చు అందుతుంది.