చచ్చినంక గూడ దున్నుడేనా?

తెల్లవారుజామున అయిదింటికి లక్సర్‌లో మా హోటల్ ముందు వ్యాను ఆగేసరికి, నాన్న తలకు తువ్వాల చుట్టుకుని లాబీలో కూర్చుని ఉన్నాడు. నాలుగింటికే లేచాడట. డెబ్బై ఒకటో ఏట మొదటిసారి పాస్‌పోర్టు తీసుకున్న మనిషి. నల్లగొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కింద ఆరెకరాలు, నలభై ఏళ్ల సేద్యం, మోకాళ్ల నొప్పులు. ఈజిప్టు ఎందుకని చుట్టాలందరూ అడిగారు. దానికో పాత లెక్క ఉంది. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు నాన్న నన్ను నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంకు తీసుకెళ్లి, అద్దాల పెట్టెలో ఉన్న మమ్మీని చూపించాడు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చిన మమ్మీ అది. ఏడో నిజాం దాన్ని 1930లో మ్యూజియానికి ఇచ్చేశాడు. ఆ రాత్రి నాకు జ్వరం వచ్చింది. "పిల్లకు పీనుగను చూపిస్తవా" అని అమ్మ నాన్నను వారం రోజులు తిట్టింది.

చిన్న మోటారు పడవలో నైలు దాటాం. ప్రాచీనులకు తూర్పు ఒడ్డు బతికినవాళ్లది, సూర్యుడు దిగిపోయే పడమటి ఒడ్డు ప్రధానంగా చచ్చినవాళ్లది. కొండల మీద అప్పుడే వేడిగాలి బెలూన్లు లేస్తున్నాయి. నేను వాటిని ఫోన్‌లో పట్టుకునే తిప్పలు పడుతుంటే నాన్న ఒడ్డునే చూస్తున్నాడు. చెరుకు తోటలు. పచ్చదనం ఒకచోట కత్తితో కోసినట్టు ఆగిపోతుంది, అక్కడి నుంచి ఇసుకే. "నీళ్లు అందినకాడికే ఊరు" అన్నాడు. ఆ రోజు మా గైడు చెప్పిన ఏ మాటకన్నా అదే నాకు బాగా గుర్తుంది.

గైడు ముప్పై దాటని అమ్మాయి, పడమటి ఒడ్డు ఊరి పిల్లే. సమాధుల లోపల గైడ్లు మాట్లాడకూడదట. అందుకని ప్రతి చోటా బయట నీడ చూసుకుని నిలబెట్టి, లామినేషన్ చేసిన బొమ్మలు చూపిస్తూ పాఠం చెప్పేది. నేను నాన్నకు తెలుగులో చెప్పేదాన్ని. సగం రాజుల పేర్లు మింగేశాను, అది వేరే సంగతి.

రాజుల లోయలో అరవైకి పైగా సమాధులున్నాయి. మామూలు టికెట్టుకు మూడే చూడనిస్తారు, పేరున్నవాటికి విడిగా కట్టాలి. నాన్న మోకాళ్ల వల్ల మెట్లెక్కువున్నవి మానేసి ఆరో రామ్‌సెస్ సమాధికి అదనపు టికెట్టు కొన్నాను. డబ్బు దండగ కాలేదు. లోపలి గది కప్పంతా ముదురు నీలం, దాని మీద పసుపు బొమ్మలు. ఆకాశదేవత నూత్ రెండుసార్లు వీపుకు వీపు ఆనించినట్టు పొడవునా సాగి ఉంటుంది. సాయంత్రం సూర్యుణ్ని మింగుతుంది, రాత్రంతా ఒంట్లో నడిపించి పొద్దున కంటుంది. మెడ నొప్పి పుట్టేదాకా చూశాం. గోడల మీద గ్రీకులు గీకిన పేర్లు కూడా ఉన్నాయి. మన గోల్కొండలో "రాజు లవ్స్ రాణి" రాసేవాళ్లకు రెండు వేల ఏళ్ల నాటి పూర్వీకులన్నమాట.

ఈ సమాధి తవ్వినప్పుడు పనివాళ్లు వేసుకున్న గుడిసెలే టుటన్‌ఖామున్ సమాధి దారిని కప్పేశాయి. అందుకే 1922 నవంబరులో హోవార్డ్ కార్టర్ అనే పురావస్తు పరిశోధకుడు బయటపెట్టేదాకా అది దాదాపు చెక్కుచెదరకుండా ఉంది. ఆ కుర్ర రాజు మమ్మీ ఇంకా అక్కడే ఉంది, అద్దాల పెట్టెలో. నాన్న దగ్గరకెళ్లి చూసి, నా వైపు తిరిగి, "జ్వరం రాదు గదా" అన్నాడు.

లోపలి కాపలావాళ్లు సైగ చేసి పిలుస్తారు, ఓ మూలకు టార్చి వేసి చూపిస్తారు, తరవాత చెయ్యి చాస్తారు. "బక్షీష్". ఆ మాట వినగానే నాన్న ఆగిపోయాడు. "గిది మన బక్షీసే గదనే!" అన్నాడు. మాట మనదే అయినా జేబులో చెయ్యి మాత్రం పెట్టలేదు.

హత్‌షెప్సుత్ గుడి దూరం నుంచి గొప్పగా ఉంది. కొండను ఆనుకుని మూడు అంతస్తులు, పొడవాటి స్తంభాల వరసలు. ఆడదైనా రాజు వేషంలో, గడ్డంతో చెక్కించుకుందని గైడు చెబితే, నాన్న "రుద్రమ లెక్క" అన్నాడు. ఆమె పోయాక చాలాచోట్ల ఆమె రూపాన్నీ పేరునూ ఉలితో చెక్కి తీసేశారు. అది చూసేలోపే ఎండ మాడు పగలగొట్టింది.

ఆ తరవాతి గంట గురించి చెప్పకపోతే న్యాయం కాదు. "పది నిమిషాలు, ఉచితంగా నిమ్మరసం" అని పాలరాతి బొమ్మల దుకాణంలో దింపారు. నలభై అయిదు నిమిషాలు! కొనేదాకా ఎవరూ కదలరు. చూడాల్సిన మదీనత్ హాబు గుడి ఆ దుకాణానికే బలైపోయింది. బుక్ చేసేటప్పుడు దుకాణాలు ఉండవని రాసిచ్చినవాళ్లను తలచుకుని, తెలుగులో కొన్ని మాటలు అన్నాను. మెమ్నాన్ విగ్రహాలనే రెండు భారీ రాతి బొమ్మలను వ్యాను కిటికీలోంచే చూశాం.

చివరగా దైర్ అల్ మదీనా. రాజుల సమాధులు తొలిచి, రంగులేసిన పనివాళ్ల ఊరు. ఇళ్ల పునాదులు ఇప్పటికీ వరసగా కనిపిస్తాయి. వాళ్ల హాజరు పట్టీ ఒకటి రాతిపలక మీద దొరికింది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఎవరెందుకు రాలేదో రాశారు. ఒకడికి తేలు కుట్టింది, ఇంకొకడు ఇంట్లో బీరు కాస్తున్నాడు. మూడో రామ్‌సెస్ ఏలుబడి 29వ ఏట ధాన్యం అందక పనిముట్లు కింద పెట్టి గుడి వెనక బైఠాయించారు. రాతలో మిగిలిన సమ్మెల్లో మొదటిది అదే అంటారు.

ఆ ఊరి పనివాడు సెన్నెజెమ్ తనకోసం కట్టుకున్న సమాధి అక్కడే ఉంది. నిటారు మెట్లు, వంగితే గానీ పట్టని దారి. నాన్న నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టే దిగాడు. పడకగదంత కూడా లేని చిన్న గది. గోడలన్నీ పసుపు. 3,200 ఏళ్లు దాటినా నిన్న ఆరినట్టున్న రంగులు.

ఓ గోడ మీద వాళ్ల స్వర్గం ఉంది. చుట్టూ నీలి కాలువ, మధ్యలో పొలం. మచ్చల పశువులను కట్టి సెన్నెజెమ్ దున్నుతున్నాడు. వెనక అతని భార్య సాల్లో గింజలు చల్లుతోంది. నాన్న తువ్వాలతో కళ్లద్దాలు తుడుచుకుని దగ్గరికెళ్లాడు. అంతసేపు ఏ రాజు దగ్గరా నిలబడలేదు.

"వీటికి మూపురం లేదు చూడు బిడ్డా. చెర్నాకోల మాత్రం మనదే."

పై వరసలో కోత. కొడవలితో పైనున్న కంకులే కోస్తున్నాడు, గడ్డి కిందే వదిలేశాడు. "జొన్న కంకి గిట్లనే కోసెటోళ్లం" అన్నాడు. ఇంకోచోట అవిసె మొక్కల్ని పల్లి పీకినట్టు వేళ్లతో సహా పీకుతున్నారు. ఇద్దరి ఒంటి మీదా మడత నలగని తెల్లబట్టలు.

"ఇస్త్రీ బట్టలేసుకుని పొలం పోతరా ఎవరన్న?"

"స్వర్గం కదా నాన్నా."

కాసేపు ఆగి, "అయితే చచ్చినంక గూడ దున్నుడేనా?" అన్నాడు. ఆ గొంతులో నవ్వుందో బాధ ఉందో నాకిప్పటికీ తెలీదు. పైకి వచ్చేటప్పుడు, అడగకుండానే కాపలా ముసలాయన చేతిలో నోటు పెట్టాడు.

బయట నీడలో గైడు ఉషబ్తీల సంగతి చెప్పింది. పై లోకంలో తమ బదులు పొలం పని చేయడానికి సమాధిలో పెట్టుకునే చిన్న బొమ్మలవి. టుటన్‌ఖామున్‌కు 413 పెట్టారు. నేను తెలుగులో చెప్పగానే నాన్న పగలబడి నవ్వాడు.

"నాలుగొందల పదమూడు మంది కూలోళ్లా! మా ఊళ్లె నాటుకు పది మంది దొరుకుతలేరు."

ఎందుకు నవ్వుతున్నాడని గైడు అడిగితే ఇంగ్లీషులో చెప్పాను.

"చెరుకు కోతలప్పుడు మా నాన్నదీ ఇదే గోల" అంది.